నీళ్లు తీసిన మర్నాడు దుకాణం తెరవాలంటే

చిన్న వ్యాపారాల కంప్యూటర్ సమస్యలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది విజయవాడ సింగ్‌నగర్ వైపు చిన్న బొటిక్. బ్లౌజులు కుడతాం, మగ్గం వర్క్ చేస్తాం. నేను, ముగ్గురు టైలర్లు, ఇద్దరు మగ్గం పనివాళ్లు, కౌంటర్‌లో ఒక అమ్మాయి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు షాపులోకి వచ్చి కొలతల పుస్తకాలు పన్నెండూ తడిసి ముద్దయిపోయాయి. ఆ దెబ్బతో అంతా క్లౌడ్‌కి మార్చేశాను. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, కొలతలు గూగుల్ షీట్‌లో. బిల్లులు, అడ్వాన్సులు చందా కట్టే ఒక బిల్లింగ్ యాప్‌లో. డిజైన్ ఫొటోలు వాట్సాప్ బిజినెస్‌లో. ఇక భయం లేదనుకున్నాను.

పోయిన నెల కౌంటర్ అమ్మాయి పేర్లను అక్షర క్రమంలో పెడదామని షీట్‌లో ఒక్క పేర్ల కాలమ్‌నే సార్ట్ చేసింది. పేర్లు కదిలాయి, కొలతలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పది రోజుల తర్వాత ఒక పెళ్లికూతురి బ్లౌజు వేరేవాళ్ల కొలతతో కుట్టాక గానీ సంగతి తెలియలేదు. అప్పటినుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా మేనల్లుడు “డిజాస్టర్ రికవరీ ప్లాన్, అంటే ఏదైనా ప్రమాదం జరిగితే డేటాని మళ్లీ తెచ్చుకునే ఏర్పాటు, ఉండాలి అత్తా” అంటున్నాడు. మా ఆయనేమో “క్లౌడ్‌లో పెట్టాక మళ్లీ ప్లానెందుకు, ఆ కంపెనీవాళ్లే చూసుకుంటారు” అంటున్నారు. ఎవరి మాట వినాలి? మా లాంటి షాపుకి ఆ ప్లాన్ ఎలా ఉండాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చెల్లెమ్మా, ప్లాన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ షీట్‌ని బాగుచేసుకోండి. ఆలస్యమైనకొద్దీ పని పెరుగుతుంది.

ల్యాప్‌టాప్‌లో షీట్ తెరిచి, ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీలోకి వెళ్లండి. తేదీలవారీగా పాత షీట్లు కనిపిస్తాయి. ఆ అమ్మాయి సార్ట్ చేసిన దానికి ముందుది వెతకండి. అక్కడ రిస్టోర్ అని కనిపిస్తుంది. దాని జోలికి వెళ్లొద్దు. అది నొక్కితే ఆ తర్వాత చేరిన కొత్త కస్టమర్లు కూడా కళ్లముందు షీట్‌లోంచి మాయమవుతారు. దానికి బదులు ఆ పాత వెర్షన్‌కి కాపీ తీసుకోండి. ఇకమీదట అదే మీ అసలు షీట్. ఈ మధ్యలో వచ్చినవాళ్లను బిల్లింగ్ యాప్‌లో తేదీలు చూసుకుంటూ ఒక్కొక్కరినే అందులోకి ఎక్కించండి. ఇద్దరు కూర్చుంటే ఒక పూట పని. చెడిన షీట్‌ని చెరిపేయకండి, పేరు మార్చి పక్కన ఉంచండి. ఏదైనా అనుమానం వస్తే పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

ఆ అమ్మాయిని ఏమీ అనకండి. చేతిలో కస్టమర్లందరి కొలతలున్న షీట్ పెట్టి, ఎక్కడ నొక్కితే ఏమవుతుందో మనం చెప్పలేదు. కొత్త కస్టమర్ వివరాలు రాయడానికి ఆమెకు గూగుల్ ఫామ్ ఒకటి చేసి ఇవ్వండి. ఫామ్‌లో రాసింది షీట్‌లో కొత్త వరుసగా చేరుతుంది తప్ప పాతవాటిని తాకదు. షీట్‌ని చూసే అనుమతి ఇస్తే ఆమెకు సరిపోతుంది. మార్చే అనుమతి మీకు, మీ మేనల్లుడికి మాత్రమే ఉండనివ్వండి.

ఇక మీ ఇంట్లో వాదన. మీ ఆయన మాట కొట్టిపారేయదగ్గది కాదు. పెద్ద క్లౌడ్ సంస్థ దగ్గర ఒక డిస్క్ పాడైతే మీకు తెలియను కూడా తెలియదు. వాళ్ల దగ్గర వేరే కాపీలుంటాయి. కానీ మీ కౌంటర్‌లో జరిగింది పొరపాటని ఆ కాపీలకు తెలియదు కదా. మీరే చెప్పిన పని అనుకుని అన్నిచోట్లా శ్రద్ధగా అదే రాసిపెడతాయి. మీరు ఒక ఫైలు చెరిపేస్తే ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, క్లౌడ్‌లో ఒకేసారి చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత పూర్తిగా పోతుంది. అన్నిచోట్లా ఒకేలా కనిపించడం వేరు, వెనక్కి తెచ్చుకోగలగడం వేరు. మీ మేనల్లుడు అడుగుతున్నది ఆ రెండోదాని గురించి.

ఇంకో మాట. క్లౌడ్ అంటే ఆకాశంలో ఎక్కడో ఉందనిపిస్తుంది గానీ, అదీ ఏదో ఒక ఊళ్లో ఒక భవనమే. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద క్లౌడ్ సంస్థకు డేటా సెంటర్లున్నాయి. 2021 మార్చి 10న అర్ధరాత్రి దాటాక అక్కడ నిప్పంటుకుని ఐదంతస్తుల భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. ఆ తెల్లవారే సంస్థ అధిపతి కస్టమర్లందరికీ చెప్పిన మాట ఏమిటో తెలుసా? మీ డిజాస్టర్ రికవరీ ప్లాన్ అమలు చేసుకోండి అని. ప్లాన్ ఉన్నవాళ్లు చేసుకున్నారు. అసలూ బ్యాకప్పూ ఆ ఒక్క చోటే పెట్టుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు.

ఈ వార్త చదివినప్పుడు నాకు 2014 గుర్తొచ్చింది. అప్పుడు నేను విశాఖలో ఒక మందుల పంపిణీ ఏజెన్సీలో కంప్యూటర్ పని చూసేదాన్ని. అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. మర్నాడు పడిపోయిన చెట్ల మధ్య నుంచి ఆఫీసుకి నడిచే వెళ్లాను. మా సర్వర్ మొదటి అంతస్తులో ఉండేది. బ్యాకప్ హార్డ్‌డిస్క్ రెండో అంతస్తులో బీరువాలో. ప్రతి శనివారం నా చేత్తో నేనే అక్కడ పెట్టేదాన్ని. కిటికీల అద్దాలు పగిలి పైనుంచి కిందిదాకా వాన నీళ్లు కారాయి. బీరువా తలుపు తీసేసరికి హార్డ్‌డిస్క్ పెట్టిన అట్టపెట్టె నానిపోయి ఉంది. సర్వర్, డిస్క్ రెండూ మళ్లీ పనిచేయలేదు. రెండొందలకు పైగా మెడికల్ షాపుల బాకీల లెక్కలు వాటిలో ఉన్నాయి. కరెంటు వచ్చాక మూడు వారాలు షాపు షాపుకీ తిరిగి, వాళ్ల దగ్గరున్న మా బిల్లులు చూసి లెక్కలు రాసుకున్నాం. చాలామంది మేం అడక్కుండానే “ఇంత ఇవ్వాలమ్మా” అని చెప్పారు. వాళ్ల మంచితనం మీద ఆ ఏజెన్సీ నిలబడింది. బ్యాకప్ ఉందని ఆరేళ్లు ధీమాగా ఉన్న నేను, అది ఏ గోడల మధ్య ఉందో ఒక్కసారీ ఆలోచించలేదు. అందుకే ఈ విషయం మీద ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీ షాపుకి కావలసిన ప్లాన్ ఒక కాగితంలో పడుతుంది. దాన్ని రాయడానికి ముందు ప్రతి రకం డేటాకీ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎంత మేరకు పోతే మళ్లీ రాసుకోగలను? అది లేకుండా ఎంతసేపు షాపు నడపగలను? కంప్యూటర్ వాళ్లు వీటికి ఆర్‌పీఓ, ఆర్‌టీఓ అని పేర్లు పెట్టారు. పేర్లు అక్కర్లేదు, జవాబులు కావాలి.

కొలతలు చూడండి. రోజుకి ఆరేడుగురు కొత్తవాళ్లు వస్తారనుకుంటే, వారం రోజులవి పోతే నలభై మందికి ఫోన్ చేసి మళ్లీ రమ్మనాలి. మొహమాటమే గానీ తట్టుకోవచ్చు. అంటే వారానికొక కాపీ చాలు. అడ్వాన్సులు అలా కాదు. అయిదు వేలు ఇచ్చానని కస్టమర్ అంటుంది, మీ దగ్గర రాత లేదు. ఒక్క రోజుది పోయినా డబ్బు దగ్గర మాట వస్తుంది. అవి ఏ రోజుకారోజు కాపీ కావాలి. డిజైన్ ఫొటోలు పోతే కస్టమర్ ఫోన్‌లో ఉంటాయి, అడిగి తెప్పించుకోవచ్చు. వీటన్నిటికంటే తొందరది డెలివరీ తేదీల జాబితా. శ్రావణ మాసంలో ముహూర్తం దగ్గర పడ్డవాళ్లకి ఒక్క పూట ఆలస్యమైనా కుదరదు. అందుకని రోజూ షాపు మూసేముందు వచ్చే పది రోజుల డెలివరీలు, రావలసిన బాకీ, ఫోన్ నంబర్లతో ఒక పేజీ ప్రింట్ తీసి మీతో ఇంటికి తీసుకెళ్లండి. నిన్నటిది చింపేయండి. కరెంటు, నెట్, ఫోన్ ఏదీ లేని రోజున పనికొచ్చేది ఆ కాగితమే. మీరు ఆ రోజులు చూసినవారే, మీ వీధుల్లో పడవలు తిరిగాయి.

కాపీల లెక్కకి ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇప్పటికీ బాగుంటుంది. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, వాటిలో ఒకటి దూరంగా. మీ విషయంలో మొదటిది రోజూ వాడే షీటూ యాపూ. రెండోది ఆదివారం ఆదివారం డౌన్‌లోడ్ చేసి పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లో పెట్టేది. మూడోది వేరే సంస్థ క్లౌడ్ ఖాతాలో పెట్టేది. వేరే సంస్థ ఎందుకంటే, ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పెద్ద పింఛను నిధి ఉంది. 2024 మే నెలలో గూగుల్ క్లౌడ్‌లో ఉన్న వాళ్ల వ్యవస్థ ఒక సెట్టింగు పొరపాటు వల్ల మొత్తం తొలగిపోయింది. అయిదు లక్షల మందికి పైగా సభ్యులు దాదాపు వారం రోజులు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. వేరే సంస్థ దగ్గర కూడా బ్యాకప్ పెట్టుకున్నారు కాబట్టి దాన్ని తిరిగి నిలబెట్టుకోగలిగారు.

హార్డ్‌డిస్క్ ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. మీ ఇల్లు కూడా సింగ్‌నగర్‌లోనే అయితే అక్కడ వద్దు. షాపు మునిగిన నీళ్లే ఇంటినీ ముంచుతాయి. పుట్టింటివాళ్లు ఎక్కడ ఉంటారో మీరు రాయలేదు. గుంటూరులోనో ఏలూరులోనో నమ్మకమైనవాళ్లుంటే రెండు డిస్కులు కొని, వెళ్లినప్పుడల్లా ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చుకోండి. ఫైళ్లకి పాస్‌వర్డ్ తప్పనిసరి. అందులో ఉన్నవి ఆడవాళ్ల ఫోన్ నంబర్లు, ఒంటి కొలతలు. అవి ఇంకొకరి చేతిలో పడకూడదు.

డౌన్‌లోడ్ చేసినవి ఒకసారి తెరిచి చూడండి. ఇక్కడ చాలామంది దెబ్బ తింటారు. బిల్లింగ్ యాప్‌లు తరచుగా సీఎస్‌వీ అనే సాదా అక్షరాల ఫైలు ఇస్తాయి. దాన్ని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు అర్థం కాని గుర్తులుగా కనిపించవచ్చు. 91తో మొదలయ్యే పన్నెండంకెల ఫోన్ నంబరు కుదించుకుపోయి మధ్యలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరంతో కనిపిస్తుంది. అలా తెరిచి సేవ్ చేశారా, అసలు నంబర్లు పోయినట్టే. ఆ ఫైలును ఉన్నదున్నట్టు దాచుకోండి. చూడాలనుకుంటే దాని కాపీని ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర తెలుగు అక్షరాలు సరిగా చూపించే యూటీఎఫ్-8 ఎంచుకుని, ఫోన్ నంబర్ల కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి. గూగుల్ షీట్‌నైతే ఎక్సెల్ ఫైలుగానే దించుకోవచ్చు, తెలుగుకి ఏ ఇబ్బందీ రాదు. యాప్‌వాళ్లని ఒక ప్రశ్న ఈ వారమే అడగండి: చందా కట్టడం మరిచిపోతే నా డేటా ఎన్ని రోజులు ఉంచుతారు, అప్పుడు డౌన్‌లోడ్ చేసుకోనిస్తారా? గడువు దాటిన కార్డు వల్ల చందా ఆగిపోవడం వరదకంటే ఎక్కువసార్లు జరిగే ప్రమాదం.

ఇక తాళంచెవి. డేటా ఎన్నిచోట్ల ఉన్నా లోపలికి వెళ్లే దారి మీ ఒక్క ఫోన్ అయితే, ఆ ఫోన్ నీళ్లలో పడ్డ రోజు అంతా పోయినట్టే. ఓటీపీ ఆ ఫోన్‌కే రావాలి. డూప్లికేట్ సిమ్ తెచ్చుకుందామంటే ఆ షాపులూ మునిగే ఉంటాయి. గూగుల్ ఖాతా భద్రత సెట్టింగుల్లో బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు. పది కోడ్‌లు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవరులో ఇంట్లో ఒకటి, దూరంగా ఒకటి దాచండి. ఖాతా రికవరీకి మీ ఆయన నంబరు కూడా ఇవ్వండి. ఒక మెలిక గుర్తుంచుకోండి. షీట్‌ని మీ మేనల్లుడితో పంచుకున్నంత మాత్రాన అది అతనిది కాదు. మీ ఖాతా పోతే అదీ పోవచ్చు. అతని ఖాతాలో వేరుగా కాపీ తీసి ఉంచితేనే అది ఇంకో కాపీ.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. ఇవన్నీ చేసి, ఒక్కసారి నిజంగా తిరిగి తెచ్చి చూడండి. పెళ్లి ముహూర్తాలు లేని ఆషాఢంలో ఒక ఆదివారం పెట్టుకోండి. షాపు ఫోన్ ఆఫ్ చేసేయండి. షాపు ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దు. మీ మేనల్లుడి ల్యాప్‌టాప్, ఆ హార్డ్‌డిస్క్, కోడ్‌ల కాగితం, ఇవే మీ దగ్గరున్నాయనుకోండి. గోడ గడియారం చూసి మొదలుపెట్టండి. కళ్లు మూసుకుని అయిదుగురు కస్టమర్లను ఎంచుకోండి. వాళ్ల కొలత, బాకీ, డెలివరీ తేదీ చెప్పగలిగేసరికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. షాపులో వాళ్ల బ్లౌజు ఏదైనా ఉంటే టేపు పెట్టి కొలత సరిచూడండి కూడా.

హుద్‌హుద్ తర్వాత నేను మారిన చోట మొదటిసారి ఇలా చేసినప్పుడు బ్యాకప్ ఫైలు దొరికింది, తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ పెట్టినతను ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలైంది. ఆ రోజు నిజంగా ప్రమాదం జరగలేదు కాబట్టి తీరిగ్గా అతనికి ఫోన్ చేసి కనుక్కున్నాం. అలాంటి లోటు మీదగ్గరా ఒకటి ఉంటుంది. అది ఆషాఢంలో బయటపడాలి, శ్రావణంలో కాదు.

చట్టం మాట కూడా చెప్పాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. వ్యాపారాల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువుంది. డేటా దొంగల చేతిలో పడటమే కాదు, ప్రమాదవశాత్తు నాశనమవడం, అందకుండా పోవడం కూడా ఆ చట్టం దృష్టిలో ఉల్లంఘనే. భద్రతకు తీసుకోవలసిన చర్యల్లో బ్యాకప్ పేరు నిబంధనల్లోనే ఉంది. మీరు ఇప్పుడే మొదలుపెడితే అప్పటికి అలవాటైపోతుంది.

కాగితం మీద ఏం రాయాలో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఏ డేటా ఎక్కడుంది, దాని కాపీ ఎవరింట్లో ఉంది, ఎవరు ముందు ఏం చేయాలి, మీరు అందుబాటులో లేకపోతే ఎవరు చేయాలి, యాప్‌వాళ్ల ఫోన్ నంబరు. పాస్‌వర్డ్‌లు మాత్రం దాని మీద రాయకండి.

ప్రశ్న: మేడమ్, కరీంనగర్‌లో మాకు కార్లు అద్దెకిచ్చే చిన్న ట్రావెల్స్ ఉంది. వెబ్‌సైటూ, బుకింగ్‌లూ, కస్టమర్ల వివరాలూ అన్నీ క్లౌడ్ సర్వర్‌లో ఉన్నాయి. చేసిపెట్టిన అబ్బాయి తన మెయిల్‌తోనే ఖాతా తెరిచాడు, తన కార్డుతోనే బిల్లు కట్టి మా దగ్గర తీసుకునేవాడు. ఇప్పుడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. మంచివాడే. అయినా మా నాన్న భయపడుతున్నారు.

జవాబు: మీ నాన్నగారి భయం సరైనదే. ఆ అబ్బాయి మంచితనానికీ దీనికీ సంబంధం లేదు. అతని కార్డు గడువు తీరినా, ఆ మెయిల్ అతను చూడటం మానేసినా మీ సర్వర్ ఆగిపోతుంది. బిల్లు కట్టలేదన్న హెచ్చరికలన్నీ అతనికే వెళ్తాయి. కొన్నాళ్లకి సంస్థ నిబంధనల ప్రకారం డేటా తొలగించేస్తారు.

అతను ఫోన్ ఎత్తుతున్న ఈ రోజుల్లోనే పని ముగించండి. మీ వ్యాపారం పేరుతో ఒక కొత్త మెయిల్ తెరవండి. వెబ్‌సైట్ పేరు, అంటే డొమైన్, ఎవరి పేరున రిజిస్టరైందో ముందు చూడండి. చాలామంది సర్వర్ గురించి ఆలోచించి దీన్ని మరిచిపోతారు. డొమైన్ పోతే ఆ పేరుతో ఉన్న మెయిళ్లూ పోతాయి, పాస్‌వర్డ్ మార్చుకునే దారీ పోతుంది. తర్వాత క్లౌడ్ ఖాతా ప్రధాన మెయిల్, ఫోన్, బిల్లింగ్ కార్డు మీ పేరుకి మార్పించండి. ఆఖరున బుకింగ్‌లు, కస్టమర్ల వివరాలు ఉండే డేటాబేస్ పూర్తి కాపీ ఒకటి మీ హార్డ్‌డిస్క్‌లోకి దింపించుకోండి. అతను సెలవుకి ఊరొచ్చినప్పుడు పక్కన కూర్చుని చేయించుకుంటే సగం రోజు పడుతుంది. అతని సమయానికి డబ్బివ్వండి. స్నేహం మీద చేయించుకుంటే వాయిదా పడుతూనే ఉంటుంది.

ప్రశ్న: నేను ఖమ్మంలో డెంటిస్టుని. 2024లో మున్నేరు పొంగినప్పుడు మా క్లినిక్ తప్పించుకుంది గానీ పక్క కాలనీలు మునిగాయి. పేషెంట్ల వివరాలు, ఎక్స్‌రేలు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ క్లౌడ్‌లో ఉన్నాయి. “రోజూ బ్యాకప్ తీస్తాం సార్, మీరు నిశ్చింతగా ఉండండి” అంటారు. వాళ్లని ఏమడగాలో కూడా నాకు తెలియదు.

జవాబు: డాక్టరుగారూ, ఒక సంగతి చెబితే ఏమడగాలో మీకే తడుతుంది. గిట్‌ల్యాబ్ అని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ పని దాచుకునే సంస్థ. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజనీరు ఒకరు ఒక సమస్యను సరిచేస్తూ, వేరే సర్వర్‌లో చెరపాల్సిన డేటాను పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న సర్వర్‌లో చెరపడం మొదలుపెట్టారు. ఒకటి రెండు క్షణాల్లో గుర్తించి ఆపారు. అప్పటికే సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. సరే, రోజువారీ బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అక్కడ ఏమీ లేదు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఆ బ్యాకప్ విఫలమవుతూ ఉంది. విఫలమైందని చెప్పాల్సిన మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు ఒక ఇంజనీరు వేరే అవసరానికి తన చేత్తో తీసిన కాపీ దొరకబట్టి గట్టెక్కారు. మధ్యలో ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు. జరిగిందంతా వాళ్లు దాచుకోకుండా ప్రపంచానికి చెప్పారు, అందుకే మనకి తెలిసింది.

వాళ్లంత సమర్థులకే ఇలా జరిగింది. కాబట్టి మీ సంస్థని “బ్యాకప్ తీస్తున్నారా” అని అడిగితే లాభం లేదు. తీస్తున్నామనే అంటారు, వాళ్లు నమ్మే అంటారు. “చివరిసారి బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి చూసింది ఎప్పుడు?” అని అడగండి. తేదీ చెప్పగలిగితే మంచి సంస్థ. చెప్పలేకపోతే, మూడు నెలల క్రితం నాటి ఒక పేషెంటు రికార్డుని ఎక్స్‌రేతో సహా బ్యాకప్ నుంచి తీసి చూపించమనండి. ఎన్ని రోజుల బ్యాకప్‌లు ఉంచుతారో అడగండి. నిన్నటిది ఒక్కటే ఉంచేవాళ్లయితే, పది రోజుల క్రితం జరిగిన పొరపాటు అందులో కూడా ఉంటుంది. పైన విజయవాడ సోదరికి పొరపాటు తెలిసింది పది రోజుల తర్వాతే కదా.

ఎక్స్‌రేల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడండి. మీరు బయటికి వచ్చేయాలనుకుంటే బొమ్మలన్నీ ఇస్తామంటారు. తీరా చూస్తే ఫైళ్లకి పేర్ల బదులు పొడుగాటి అంకెలుంటాయి. ఏది ఏ పేషెంటుదో చెప్పే జాబితా ఉండదు. వేల ఎక్స్‌రేలు ఉండి కూడా లేనట్టే. ఆ జాబితాతో సహా ఇస్తామని ఒప్పందంలో రాయించుకోండి. ఒప్పందం ముగిశాక డేటా ఎన్ని రోజులు ఉంచుతారు, తర్వాత ఎలా చెరిపేస్తారు అన్నదీ రాయించండి. ఆరు నెలలకొకసారి పూర్తి కాపీ మీ చేతికి ఇచ్చేలా అడగండి. దానికి అదనంగా డబ్బడిగినా ఇవ్వదగ్గదే.

ప్రశ్న: నెల్లూరు దగ్గర మాకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. సోమవారం పొద్దున్న కంప్యూటర్ ఆన్ చేస్తే ఏ ఫైలూ తెరుచుకోవడం లేదు, పేర్ల చివర ఏవో అక్షరాలు చేరాయి. డబ్బు కడితే తెరుస్తామని ఒక నోటు ఉంది. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న కాపీలు కూడా అలాగే మారిపోయాయి. రైతుల అప్పు ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

జవాబు: దీన్ని రాన్సమ్‌వేర్ అంటారు, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్. ముందు ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. డబ్బు కట్టకండి. కట్టినా తెరుస్తారన్న హామీ ఏదీ లేదు. మీ దగ్గర బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఉంటే దాన్ని తెచ్చి ఆ కంప్యూటర్‌కి పెట్టొద్దు. కంగారులో చాలామంది చేసే పని ఇదే, నిమిషాల్లో దానిలోవి కూడా లాక్ అయిపోతాయి.

ఇంకో కంప్యూటర్ నుంచి గూగుల్ ఖాతాలోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత బ్రౌజర్‌లో డ్రైవ్ తెరిచి, మారిపోయిన ఫైలు మీద పాత వెర్షన్లు చూడండి. ఎక్సెల్ లాంటి ఫైళ్ల పాత వెర్షన్లు మామూలుగా 30 రోజుల వరకే ఉంటాయి, కాబట్టి ఈ రోజే కూర్చోండి. పాత పేరుతో ఉన్న ఫైళ్లు చెత్తబుట్టలో ఉన్నాయేమో కూడా వెతకండి. ఒక్కో ఫైలుకీ విడిగా చేయాల్సిన పని ఇది. అన్నీ ఒకేసారి తేలేదని నిరాశపడొద్దు. పంట చేతికొచ్చాక వసూలు కావలసిన అప్పు ఖాతాలు ముందు తెచ్చుకోండి, తర్వాత స్టాకు, ఆ తర్వాత పాత బిల్లులు.

ఆ నోటుని ఫోన్‌తో ఫొటో తీసి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ అనే ఉచిత సేవ ఉంది. లాక్ అయిన ఫైలు ఒకటి అందులో ఇస్తే, ఆ రకానికి తాళంచెవి ఇప్పటికే దొరికి ఉంటే చెబుతుంది. దొరక్కపోయినా ఆ ఫైళ్లని చెరపకుండా వేరే డిస్క్‌లో దాచిపెట్టండి. కొన్నిటికి నెలల తర్వాత తాళంచెవులు బయటికొచ్చాయి. పాత కంప్యూటర్‌ని పూర్తిగా ఫార్మాట్ చేయించి, విండోస్ కొత్తగా వేయించాకే మీ హార్డ్‌డిస్క్ దానికి తగిలించండి. అదీ, ముందు ఇంకో మంచి కంప్యూటర్‌లో ఆ డిస్క్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకున్నాకే.